ఆడపిల్లల మూలన బాడిద దడి

ఎండిపోయిందన్నారండీ దాన్ని! పుష్యమాసంలో ఆకు రాల్చిన దడిని చూసి, కోనసీమలో పుట్టి, కోనసీమ నీళ్ళు తాగి, కొబ్బరితోట గట్ల మీద ఆడుకుని పెరిగిన మనిషి ఎండిపోయిందన్నాడు. పట్నం నించి వచ్చినవాడైతే పోనీలే పాపం, ఎరగడు అనుకోవచ్చు. ఎరిగున్నవాడే అంటే ఏమనాలి? సూర్యావతి అయితే చాలా అంది. అందులో రాయదగ్గవి కొన్నే.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఓ ఊరి హైస్కూల్లో సూర్యావతి ఆయా. ఊరి పేరెందుకు లెండి, ఆ ఊరివాళ్ళకి ఇప్పటికే ముఖం చెల్లటం లేదు. పొద్దున్నే గేటు తియ్యడం, గదులు ఊడవడం, కడవల్లో నీళ్ళు నింపడం, గంట కొట్టడం ఆవిడ పని. మనిషి పొట్టి, గొంతు పొడుగు, అరిస్తే రోడ్డవతలికి వినపడేది. పిల్లలు ఆయమ్మగారూ అని పిలిచేవారు. మాస్టర్లు మాత్రం ఆవిడ వినకుండా ‘హెడ్మాస్టరుగారి హెడ్మాస్టరు’ అనుకునేవారు. ఆవిడకి వినపడేది. వినపడనట్టు ఊరుకునేది, ఎందుకంటే ఆ మాట ఆవిడకి బాగానే ఉండేది.

సూర్యావతి తండ్రి గంగయ్య దడులు వేసే మనిషి. ఇప్పుడంటే ఇనప కంచెలూ ప్రహరీ గోడలూ వచ్చేయి గానీ, ఆ రోజుల్లో కాట్రేనికోన దాకా ఎవరి తోటకి దడి కావాలన్నా గంగయ్యకే కబురు. ఎండుకంపతో కట్టే దడి కాదు ఆయనది, బతికుండే దడి. బాడిద కొమ్మా నేపాళం కొమ్మా నరికి తెచ్చి వరసగా నాటితే, వేళ్ళు పోసుకుని రెండేళ్ళకి కోడిపిల్ల కూడా దూరకుండా కమ్ముకునేది. గంగయ్యది చల్లని చెయ్యి అనేవారు అందరూ. చల్లన లేదు గాడిదగుడ్డూ లేదు, అంతా పద్ధతి! కొమ్మ మణికట్టంత లావుండాలి. నరగ్గానే నాటకూడదు, నాలుగు రోజులు నీడన పడుకోబెట్టాలి. మొదలు కిందకే ఉండాలి, కొస పైకే ఉండాలి, తిరగేసి పాతితే బతకదు. కొస మీద పేడముద్ద పెట్టాలి, ఎండకి పగలకుండా. నేపాళం రోడ్డువైపు వెయ్యాలి, మేక దాన్ని ముట్టదు గనక. బాడిద లోపలివైపు వెయ్యాలి, దాని ఆకంటే మేకకి పాయసం గనక. తొలకరి పడ్డాక మృగశిర కార్తెలో నాటాలి. అన్నిటికంటే ముఖ్యం, పుష్యంలో ఆకంతా రాల్చేసి కర్రల్లా నిలబడ్డప్పుడు దాని జోలికి పోకూడదు. “నిద్రోతందే అది, లేపకు” అనేవాడు గంగయ్య. అనుమానం వస్తే బొటనవేలి గోరుతో కాస్త బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా కనపడితే సరి, ఇంక మాట్లాడేవాడు కాదు.

కొమ్మల మోపు మోస్తూ తండ్రి వెనకాల తిరిగిన పిల్ల సూర్యావతి. తిరుగుతూనే ఇదే బడిలో ఏడో తరగతి దాకా వచ్చింది. లెక్కల్లో క్లాసుకి మొదటిది. పెద్దమనిషయ్యేక మళ్ళీ బడికి వస్తే, ఒంటికి వెళ్ళడానికి చోటేదీ? చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎక్కడో అక్కడ కూచునేది. ఇప్పుడలా కుదర్దు కదా. బడి వెనక ఖాళీ జాగా, జాగాని ఆనుకుని రోడ్డు, రోడ్డు మీద వచ్చే పోయే జనం. నాలుగు రోజులు పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్ళు ముట్టకుండా కూచుంది. ఐదో రోజు ఇంక ఉగ్గబట్టలేక జాగాలోకి వెళితే, రోడ్డు మీంచి ఇద్దరు మగపిల్లలు ఈల వేసి మట్టిబెడ్డలు విసిరేరు. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి పుస్తకాల సంచి చూరులో పెట్టేసింది. ఊళ్ళో తోటలన్నిటికీ చాటు కట్టిన గంగయ్య, కూతురికి మాత్రం “ఇంక బడొద్దులే అమ్మా” అన్నాడు. ఆ మనిషికి తట్టలేదు! తట్టలేదంటే ఆడపిల్ల చదువుకి దడి కట్టాలని ఎవడికి తట్టింది గనక ఆయనకి తట్టడానికి? సూర్యావతి మటుకు ఆ మాట నలుగురిలో మొహమాటం లేకుండా చెప్పేది. “నాకు చదువబ్బక మానలేదండి. ఒంటికెళ్ళడానికి చోటు లేక మానేసేను.”

తొంభై ఒకటిలో అదే బడికి ఆయాగా వచ్చింది. వచ్చిన మొదటి రోజున వెనక జాగాలోకి వెళ్ళి చూసింది. ఇరవై మూడేళ్ళయినా అదే జాగా, అదే రోడ్డు. మరుగుదొడ్డి అని ఒక గది కట్టేరు గానీ, దానికి తాళం. లోపల విరిగిన బల్లలూ, గోడకి తగిలించే పాత మేపులూ. ఆడపిల్లలేమో నూట నలభై మంది. హెడ్మాస్టరు రామ్మూర్తి మాస్టారు మంచివాడు, పిల్లికి కూడా దారిచ్చే రకం. ఆయన దగ్గరికెళ్ళి అడిగింది.

“పైకి కాయితాలు రాస్తూనే ఉన్నానమ్మా సూర్యావతీ” అన్నాడాయన.

“అయితే కాయితాల చాటుకెళ్ళి కూచోమంటారా అండీ పిల్లల్ని?” అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి జవాబు దొరకనప్పుడల్లా కళ్ళజోడు మాసిపోయేది.

మరుసటేడు తొలకరికి సూర్యావతి తనే నాటింది. మొగుడు నూకరాజు కొబ్బరి దింపు తీసే మనిషి, చెట్టెక్కితే ఉడతే. “నీకు జీతమిచ్చేది ఊడవమని గానీ నాటమని కాదు గదే” అని ఎగతాళి చేస్తూనే బాడిద కొమ్మలు నరికి బండి మీద తెచ్చి పడేసేడు. బడి వెనకగోడ ఒక పక్క, మిగతా మూడు పక్కలా దడి. దారి తిన్నగా పెట్టలేదు సూర్యావతి. దడి కొసని నత్తగుల్ల నోరులా మడిచి, లోపలికెళ్ళిన పిల్ల బయటివాళ్ళకి కనపడకుండా నాటింది. మొదటేడు మేకలు తిన్నాయి, నాలుగు చోట్ల చచ్చింది. ఖాళీలు పూడ్చింది. మూడో ఏటికి ఆడపిల్లల మూల కమ్ముకుపోయింది. పదో తరగతిలో ఆరుగురుండే ఆడపిల్లలు పంధొమ్మిది మందయ్యేరు. దీనికి కారణమేమిటని తనిఖీకి వచ్చినాయన అడిగితే, మాస్టర్లందరూ తమ బోధన గురించి చెప్పేరు. సిగ్గు లేకపోతే సరి!

దడికి ఒకటే లోపం. మార్గశిరం వెళ్ళేసరికి ఆకు రాలడం మొదలెట్టి, పుష్యమాఘాలు కర్రలే మిగిలేవి. ఆ రెండు నెలలూ చాటుండదు. దానికీ సూర్యావతి దగ్గర ఉపాయముంది. నూకరాజు తెచ్చిన కొబ్బరిమట్టలు నిలువునా చీల్చి, ఆకుల్ని జడల్లా అల్లి, ఆ తడకల్ని దడికి లోపలివైపు కట్టేది. కొబ్బరితాడుతోనే కట్టాలి, ఇనప తీగ కడితే బెరడు కోసుకుపోతుంది. ఆకున్నప్పుడు చెట్టు కాపలా, ఆకు లేనప్పుడు మట్ట కాపలా అనేది. ఏటా మార్గశిరంలో ఆఖరి శనివారం మధ్యాహ్నం పదో తరగతి ఆడపిల్లలు తడకలల్లడం, తొమ్మిదో తరగతివాళ్ళు పక్కన కూచుని నేర్చుకోవడం ఆనవాయితీ అయిపోయింది. అల్లుతూ వాళ్ళు చెప్పుకునే కబుర్లకి అంతుండేది కాదు. ఒక్క మగపురుగుని అటు రానిచ్చేది కాదు సూర్యావతి.

తొంభై ఆరు తుఫానుకి బడి పెంకులు లేచిపోయేయి. ముందువైపు ప్రహరీ గోడ నిలువునా పడిపోయింది. ఊళ్ళో సగం కొబ్బరిచెట్లు నేలకొరిగేయి. ఈ దడి పక్కకి వాలింది, అంతే. నీరు తీసేక సూర్యావతీ నూకరాజూ రాటలు ఊతం పెట్టి లేపి నిలబెడితే, ఫాల్గుణంలో ఎర్రగా పూసింది. సిమెంటు గోడ పోయి కర్ర దడి నిలిచిందని ఊరంతా వచ్చి చూసేరు. చూసినవాళ్ళలో దొరబాబుగారూ ఉన్నారు. అది గుర్తుపెట్టుకోండి.

దొరబాబుగారంటే పాతికెకరాల కొబ్బరీ వరీ ఉన్న రైతు. రెండు వేల రెండు నాటికి బడి కమిటీకి ఛైర్మనయ్యేడు. మాట మెత్తన, ‘అమ్మా’, ‘తల్లీ’ లేకుండా నోరు విప్పడు. ఆ ఏడు ‘పచ్చని పల్లె’ అని వారోత్సవాలు పెట్టేరు. ఆ సభ ఈ బడిలో, ఆడపిల్లల మూలకి ఎదురుగా ఉన్న మైదానంలో. జిల్లా నించి పెద్దాఫీసరుగారొస్తారు, ఫొటోలు తీస్తారు, పేపర్లో వేస్తారు. పండగ సెలవుల్లో సూర్యావతి కొత్తపేటలో చెల్లెలింటికి వెళ్ళింది. వారం తరవాత వచ్చి గేటు తీసేసరికి దడి లేదు.

లేదంటే బొత్తిగా లేదు. మొదళ్ళకంటా నరికేసేరు. పదేళ్ళ దడి! తడకలు సున్నం వేసే కూలీల టీ పొయ్యిలోకి పోయేయి. నరికిన బాడిద కర్రలు తీసుకెళ్ళి మైదానంలో పందిరికి రాటలుగా పాతేరు. దడి ఉన్నచోట కడియం నించి తెచ్చిన క్రోటను మొక్కల కుండీలు వరసగా పెట్టేరు, మోకాలెత్తున. ఆ మోకాలెత్తు కుండీల చాటున పదిహేనేళ్ళ ఆడపిల్ల ఎలా కూచుంటుందో, ఆ పెట్టినవాడి పెళ్ళాన్నడిగితే చెప్పేది.

సూర్యావతి అలాగే నడుచుకుంటూ దొరబాబుగారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూచుని పేపరు చూసుకుంటున్నాడు.

“దడి నరికించేరంటండి” అంది.

“ఆయ్, ఎండిపోయింది కదమ్మా. ఆఫీసరుగారు పచ్చని పల్లె అని వస్తుంటే ఎదురుగా ఎండుమోడులూ మట్ట తడకలూ కనపడితే ఏం బాగుంటుంది తల్లీ? ఫొటోలో పడవూ?”

“ఎండిపోవడమేంటండి? ఆకు రాల్చింది. మీ తోట చుట్టూ మా నాన్న వేసిన దడి ఏటా రాల్చదా అండీ? ఏ ఏడాదైనా దాన్ని నరికించేరా?”

దొరబాబుగారు పేపరు మడిచేడు. “తోట వేరు, సభ వేరు. పోనీ నాకు తెలీకే చేయించేననుకో. సభ అయ్యేక మళ్ళీ నాటుదువులే. ఎంత, రెండు వారాలు.”

“రెండు వారాలు పిల్లలు ఒంటికెళ్ళరా అండీ?”

“సూర్యావతీ, ఆడదానివి, మగాళ్ళ ముందు అలాంటి మాటలు మాట్లాడకూడదమ్మా.”

చూసేరా! పని చేసినవాడికి సిగ్గు లేదు గానీ, పేరెత్తినందుకు ఈవిడకి ఉండాలిట. సూర్యావతికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. “మాట్లాడకూడనివి చెయ్యకుండా ఉండాలండి” అనేసి వచ్చేసింది.

ఆదివారం కూచుని మొగుడూ పెళ్ళాం పద్నాలుగు తడకలల్లి, వెదుళ్ళు పాతి కట్టేరు. సోమవారం మధ్యాహ్నానికి కమిటీ మనుషులొచ్చి ఊడదీసి పట్టుకుపోయేరు. రామ్మూర్తి మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండు వారాలన్న సభేమో ఆఫీసరుగారికి తీరిక లేక నాలుగు వారాలయింది. పదో తరగతి నించి ఒక్కొక్క పిల్లే రావడం మానేసింది. ముందు అనిత, తరవాత ఇద్దరు. ఆ తరవాత శాంతి మానేసింది.

శాంతి మూడు మైళ్ళ అవతల నించి నడిచొచ్చే పిల్ల. తల్లి సరోజిని రొయ్యల చెరువుల మీద కూలికి పోతుంది. ఆ ఊళ్ళో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. లెక్కల్లో క్లాసుకి మొదటిది. ఆ మాటకి సూర్యావతి గొంతు ఎప్పుడూ కొంచెం తగ్గేది. పరీక్షలు ఇంకా ఏడు వారాలున్నాయి. గంట కొట్టేసి, గేటు వేసి, నడుచుకుంటూ వాళ్ళింటికెళ్ళింది. పిల్ల దుప్పటి కప్పుకుని మంచమ్మీద ముడుచుకుని ఉంది.

“జ్వరమండి” అంది సరోజిని. “నీళ్ళు సరిగా తాగక లోపల మంటండి పిల్లకి. నీళ్ళు బాగా తాగించమన్నాడు డాట్రుగారు. తాగిస్తే బళ్ళో ఎక్కడికెళ్ళాలండి? కుండీల వెనక్కెళితే మగపిల్లలు నవ్వుతున్నారంట. నాకొద్దండి ఈ చదువు. మానిపించేస్తాను.”

శాంతి దుప్పట్లోంచి మొహం బయటపెట్టింది. “పొద్దున్న లేచిన దగ్గర్నించీ తాగటం లేదండి ఆయమ్మగారూ. అన్నం తినేటప్పుడు కూడా తాగటం లేదండి. అయినా వస్తోందండి” అని, తప్పు చేసినదానిలా ఏడ్చింది.

సూర్యావతికీ ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. ముప్పై నాలుగేళ్ళ కిందట తను ఏడ్చిన ఏడుపే ఈ పిల్ల ఏడుస్తోంది, అదే జాగా గురించి. ఈ మధ్యలో రేడియోలు పోయి టీవీలొచ్చేయి, ఊరంతా టెలిఫోన్లొచ్చేయి, గల్ఫు నించి వచ్చి మేడలు కట్టేరు. ఆడపిల్ల కూచోవడానికి నాలుగు గజాల చాటు మాత్రం రాలేదు. వచ్చినదాన్ని నరికేసేరు.

“లే అమ్మడూ. జ్వరం తగ్గేక రా. నువ్వు కూచుంటే నీ చుట్టూ నేను నిలబడతాను. నా పాణం పోయినా ఎవడూ చూడడు” అంది.

అన్నట్టే చేసింది. బడి గేటు దగ్గర జామకాయలమ్మే పార్వతినీ, తెలుగు టీచరు విజయదుర్గగారినీ పోగేసి, విరామం గంట కొట్టగానే పాత చీరలు పట్టుకుని ముగ్గురూ మూడు పక్కలా నిలబడేవారు. పది నిమిషాల విరామంలో ఎంతమంది వెళ్ళగలరండీ? సగం మంది ఉగ్గబట్టుకుని క్లాసులోకి పోయేవారు. శాంతి వచ్చేది గానీ నీళ్ళు ముట్టేది కాదు. సూర్యావతి గ్లాసు పట్టుకెళితే తల అడ్డంగా ఊపేది.

సభ రోజొచ్చింది. తొమ్మిదింటికల్లా పిల్లల్ని తెచ్చి మైదానంలో వరసలుగా కూచోబెట్టేరు. ఆఫీసరుగారు పదింటికి రావాలి. పదకొండయింది, పన్నెండయింది. లేవకూడదు, కదలకూడదు, వరస చెడుతుందిట. ఒంటిగంటకి కారొచ్చింది. దండలు, శాలువాలు, సన్మానాలు. స్వాగత గీతం పాడే ఎనిమిది మందిలో శాంతి ఒకత్తి. పాడుతోంది గానీ మొహంలో నెత్తురుచుక్క లేదు, కాళ్ళు దగ్గరగా నొక్కిపెట్టి, పరికిణీ గుప్పెట్లో పట్టుకుని నిలబడింది. సూర్యావతి మంచినీళ్ళ బల్ల దగ్గర నించి అంతా చూస్తోంది. పాటయ్యేక దొరబాబుగారు లేచి పచ్చదనం గురించి మాట్లాడేడు. ఎంతసేపనుకున్నారు? ముప్పావుగంట! చెట్టు కన్నతల్లి లాంటిదన్నాడు. చెట్టుని కొట్టినవాడికి పుట్టగతులుండవన్నాడు. ఆ మాటనేటప్పుడు ఒక చెయ్యి మైకు మీదుంది, ఇంకో చెయ్యి బాడిద రాట మీదుంది.

తరవాత ఆఫీసరుగారు లేచి, “చెట్టంటే...” అని మొదలెట్టేడు. శాంతి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అంతే, సూర్యావతి నీళ్ళ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి, వరసల మధ్యలోంచి నడుచుకుంటూ వేదిక మీదికెక్కింది.

“అయ్యా, తమరు పెద్దలు, తప్పయితే క్షమించండి. ఒక్క పది నిమిషాలు లేచి అటు తిరిగి నిలబడతారా అండీ? వేదిక మీదున్నవాళ్ళందరూనండి.”

మైకు దగ్గరే ఉందేమో, ఊరంతా విన్నారు. దొరబాబుగారు “ఏయ్ సూర్యావతీ, దిగు!” అని పళ్ళ మధ్యనించి అన్నాడు. ఈసారి అమ్మా లేదు, తల్లీ లేదు.

“ఎందుకమ్మా?” అన్నాడు ఆఫీసరుగారు.

“పిల్లలు తొమ్మిదింటి నించీ కూచున్నారండి. నూట అరవై మంది ఆడపిల్లలు ఒంటికెళ్ళాలండి. అదిగో, ఆ కుండీలున్న చోట పదేళ్ళ నించీ దడి ఉండేదండి. చాటుకెళ్ళి వచ్చేవాళ్ళు. తమరొస్తున్నారని, ఫొటోలో బాగుండదని నరికేసేరండి. ఇప్పుడు చాటు లేదు. తమరు అటు తిరిగితే అదే చాటండి.”

ఆఫీసరుగారి మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలీదు. కుండీలకేసి చూసేడు, పిల్లలకేసి చూసేడు. ఆయనకీ ఆడపిల్లలున్నారేమో, ఏమో. మైకు దగ్గర్నించి వెనక్కి జరిగి, కొబ్బరితోట వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన తిరిగేక మిగతావాళ్ళు కూచునుంటారా? సర్పంచిగారు తిరిగేరు, కంట్రాక్టరు తిరిగేడు, పేపరాయన కెమేరా సంచిలో పెట్టుకుని తిరిగేడు. దొరబాబుగారు ఆఖర్న తిరిగేడు. అప్పుడు రామ్మూర్తి మాస్టారు, పిల్లికి దారిచ్చే రామ్మూర్తి మాస్టారు, మైకందుకుని పుట్టి బుద్ధెరిగి అరవనంత గట్టిగా అరిచేడు.

“బాయిస్! అబౌట్... టర్న్!”

మూడొందల మంది మగపిల్లలు గిరుక్కున తిరిగేరు.

పార్వతీ, విజయదుర్గగారూ, సభ చూడ్డానికొచ్చిన తల్లులూ షామియానా పరదాలు లాగి పట్టుకున్నారు. ఆడపిల్లలు వరసగా వెళ్ళి వరసగా వచ్చేరు. పది నిమిషాలన్నది అరగంట పట్టింది. అరగంటసేపు ఊరి పెద్దలందరూ కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. ఒక్కడు దగ్గలేదు. శాంతి అందరికంటే ముందెళ్ళింది. వచ్చేటప్పుడు నేలకేసి చూడలేదు, సూర్యావతికేసి చూసింది.

అందరూ మళ్ళీ ఇటు తిరిగేక సూర్యావతి, “ఇంకొక్కటండి. ఆ రాట ఒకసారి గోరుతో గీకి చూడండి. ఎండిపోయిందని నరికింది అదేనండి” అంది.

ఆఫీసరుగారు గీకేడు. పల్చటి బెరడు కింద లేత పచ్చగా తడిగా మెరిసింది. ఆయన గోరుకేసి చూసుకుని, దొరబాబుగారి మొహంకేసి చూసి, “మళ్ళీ నాటించండి” అని మాత్రం అన్నాడు. మరుగుదొడ్ల సంగతి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. కారెక్కి వెళ్ళిపోయేడు. ఆ రాసుకున్నది నాలుగేళ్ళకి గానీ గోడలుగా లేవలేదు. లేచేక మొదటివారంలోనే దానికీ తాళం వెయ్యబోయేరు. ఆ తాళం కప్ప సూర్యావతి కాలవలో పారేసింది, అదింకో కథ.

మర్నాడే రాటలు పీకడం మొదలెట్టేరు. పీకుతుంటే తెలిసింది, సగం రాటలు తలకిందులుగా పాతేరని. మొదలేదో కొసేదో బాడిద బెరడు మీది ముళ్ళు తిరిగిన వైపు చూస్తే తెలుస్తుంది. చూడాలని వాళ్ళకేం పట్టింది? “బుర్రలే తలకిందులుగా ఉంటే రాటలు తిన్నగా ఎలా పాతుతారు” అని తిట్టుకుంటూ ఒక్కొక్క కర్రా గీకి చూసి బతికున్నవి ఏరింది. సరోజినీ మిగతా తల్లులూ కూలి మానుకొచ్చి గుంటలు తవ్వేరు. అది నాటే కార్తె కాదు, వాన లేదు. పదో తరగతి పిల్లలే కాలవ నించి వంతులవారీగా నీళ్ళు మోసేరు. నూకరాజు మట్టలు తెచ్చి పడేసేడు. సాయంత్రానికి మూడు పక్కలా తడకలు లేచేయి. ఈసారి ఊడదియ్యడానికి ఏ కమిటీ మనిషీ రాలేదు. వస్తే బాగుండునని సూర్యావతి కత్తిపీట పక్కనే పెట్టుకుని చూసింది.

నెల తిరక్కుండా దొరబాబుగారు అక్కడ ఒక రేకు బోర్డు పాతించేడు. ‘పచ్చని పల్లె హరిత కంచె. నాటించినవారు: కమిటీ ఛైర్మన్’ అని, కింద పేరు. అదేమిటండీ అని మాస్టారు నసిగితే, “నాటించమన్నారు కదండీ, నాటించేను” అన్నాడట. సూర్యావతి వెళ్ళి ఆ బోర్డు మీదుగా ఒక తడక కట్టేసింది. చాటు చేయాల్సినవాటిల్లో అదొకటి అంది.

ఆ ఏడు పరీక్షా కేంద్రం ఈ బడిలోనే పడింది. మానేసినవాళ్ళలో అనిత తప్ప అందరూ మళ్ళీ వచ్చేరు. అనితకి అప్పటికే సంబంధం ఖాయం చేసేసేరు. ఆ పిల్లని తలుచుకున్నప్పుడల్లా సూర్యావతి దొరబాబుగార్ని ఇప్పటికీ తిడుతుంది, తిట్టాలి కూడాను.

లెక్కల పరీక్ష రోజు పొద్దున్న ఎండ అప్పుడే మండుతోంది. దడి కర్రల కొసల్లో పేడముద్దల కిందనించి మినపగింజలంత చిగుళ్ళు పొడుచుకొచ్చేయి. సూర్యావతి గంట దగ్గర గ్లాసూ కడవా పెట్టుకుని నిలబడింది. హాలు టిక్కెట్టు పట్టుకుని శాంతి వచ్చింది. అందరూ లోపలికి పోతున్నారు. ఆ పిల్ల ఆగి ఒకసారి ఆడపిల్లల మూలకేసి చూసింది. తరవాత చెయ్యి చాపింది.

సూర్యావతి గ్లాసు నింపి ఇచ్చింది. శాంతి గటగటా తాగేసింది. అడుగున చుక్క మిగల్చకుండా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు మళ్ళీ చాపింది.

“ఇంకో గ్లాసండి ఆయమ్మగారూ.”

“తాగవే తల్లీ, తాగు” అంది సూర్యావతి. ఆ పొడుగు గొంతు ఎక్కడికి పోయిందో గానీ, మాట పక్కవాళ్ళకి కూడా వినపడలేదు.